కొండ మీది గాలి బరువు

పొద్దున్న ఎనిమిదిన్నరకల్లా జ్ఞానానందం వైర్‌లెస్ గది కిటికీ కింద నిలబడాలి. విశాఖపట్నం వాతావరణం ఆఫీసు చెప్పిన అంకెని ఆపరేటరు చిత్తు కాయితం మీద గీకి, కిటికీ ఊచల్లోంచి బయటికి వదిలేసేవాడు. చేతికిచ్చిన పాపాన ఏనాడూ పోలేదు. "ఇదిగో, నీ గాలి పట్టుకుపో," అనేవాడు. కాయితం ఎగిరి బురదలో పడితే దాని వెనకాల పరిగెత్తడం జ్ఞానానందం వంతు. ఒక రోజు ఏడువందల యాభై ఆరు, ఒక రోజు ఏడువందల యాభై తొమ్మిది, ముసురు పట్టిందంటే ఏడువందల యాభై. ఆ రోజున గాలి ఎంత బరువుతో నొక్కుతోందో చెప్పే అంకె అది. సొంతంగా కొలుచుకోడానికి బ్యారోమీటరు కావాలని కంపెనీకి ఇండెంటు పెట్టి పద్నాలుగు నెలలైంది. ఆ ఇండెంటు ఏ బల్ల సొరుగులో నిద్రపోతోందో ఎవరికీ తెలియదు.

సాలూరు ఘాటు ఎక్కాక, మూడువేల అడుగుల ఎత్తున, కొండవాగుని కట్టి కరెంటు తీసే పని అది. పైనుంచి కిందికి నీళ్లు దూకడానికి మనిషి తలవంచకుండా నడిచేంత లావు ఇనప గొట్టాలు. వాటిని ఒకదానికొకటి అతికిన చోట లోపల పగులుందో లేదో పైచూపుకి తెలియదు. అందుకని అతుకుకి ఒక పక్క ఫిల్ము చుట్టి, రెండో పక్క సీసపు కుండ మూత తీస్తారు. ఆ కుండలో కందిగింజంత కోబాల్టు ఉంటుంది. దాన్నుంచి వచ్చే గామా కిరణాలు ఇనుముని దాటి ఫిల్ము మీద పడతాయి. పగులుంటే గీత కనిపిస్తుంది. ఇనుముని దాటినవి మనిషిని దాటలేవా? మనిషిలో మాత్రం వెంటనే ఏ గీతా కనపడదు. అందుకే చుట్టూ ఎర్ర పేలికలు కట్టిన తాడు. కుండ మూత తీసి ఉన్నంతసేపు తాడు లోపలికి ఎవరూ రాకూడదు.

ఆ తాడు ఎక్కడ కట్టాలో తేల్చడమే జ్ఞానానందం ఉద్యోగం. ఉద్యోగం అనడం మర్యాద కోసం. రోజుకూలీల మస్టరులో అతని పేరు సిమెంటు మోసేవాళ్ల కిందే ఉండేది.

పొందూరు పక్క పల్లెలో వాళ్ల నాన్న మిషను బడిలో గంట కొట్టే ప్యూను. ఎస్సెల్సీ తరవాత చదివించే దిక్కు లేదు. ఊరు విడిచి వెళ్లిపోయిన ఒక మిషను డాక్టరు రెండు పెట్టెల ఇంగ్లీషు పుస్తకాలు వదిలేస్తే, పాస్టరుగారు వాటిని బడి అటక మీద పడేయించారు. జ్ఞానానందం మూడేళ్లు ఆ అటక మీదే బతికాడు. అక్కడ దొరికిన భౌతికశాస్త్రం పుస్తకానికి మొదటి తొంభై పేజీలు చెదలు తినేశాయి. మిగిలిన పుస్తకం ఉష్ణం దగ్గర మొదలవుతుంది. కాలేజీ గడప తొక్కినవాళ్లు మొదటినుంచీ చదువుకుంటే, తను చెదలు ఎక్కడ వదిలిపెడితే అక్కణ్ణుంచి చదువుకున్నాడు.

కంపెనీలో స్టోరు కూలీగా చేరాడు. కిరణాల పని చూడ్డానికి కలకత్తా నుంచి వచ్చిన మనిషి మలేరియా పట్టి మూడో నెలలో దిగిపోయాడు. వెళ్లేముందు పెట్టెల్లో ఉన్న మాన్యువలు ఎవరు చదవగలరని అడిగితే, స్టోరు గుమాస్తా నవ్వుతూ జ్ఞానానందాన్ని చూపించాడు. ఆ నవ్వే అతనికి దొరికిన అపాయింట్‌మెంటు ఆర్డరు.

పని తీరు ఇది. బొంబాయి ఆఫీసు నుంచి అరువుకి వచ్చిన ఛాంబరు ఒకటి ఉంది. నిమ్మకాయంత బుర్ర. లోపల ఉన్నది ఉట్టి గాలే. కిరణాలు తగిలితే ఆ గాలిలో రవ్వంత కరెంటు పుడుతుంది. ఎంత పుట్టిందో చూసి, కిరణం బలం ఎంతో లెక్కకట్టాలి. బుర్రకి సూది మోపినంత చిల్లుంటుంది కాబట్టి బయటి గాలి ఎలా ఉంటే లోపలి గాలీ అలాగే ఉంటుంది. గాలి పలచబడితే, కిరణం తగ్గకపోయినా కరెంటు తగ్గుతుంది. అందుకని ఆ రోజు గాలి బరువూ వేడీ లెక్కలో వేసి అంకెని సరిదిద్దాలి. అలా తేలిన అంకెకి సరిపోయేలా చేతి మీటర్ల ముల్లు తిప్పి పెడతాడు. తరవాత చేతి మీటరు పట్టుకుని యార్డులో నడుస్తాడు. ముల్లు రెండు అనే అంకె దగ్గరికి, అంటే మనిషికి పర్లేదనే హద్దు దగ్గరికి, దిగిన చోట మేకు దిగ్గొట్టి తాడు కడతారు. అంటే, ఆ తాడు కుండ దగ్గరినుంచి వచ్చినట్టు కనపడుతుంది గాని, నిజానికి నిమ్మకాయంత బుర్రలో ఉన్న గాలి దగ్గరినుంచి వచ్చింది.

ఆ ఛాంబరంటే అతనికి ప్రాణం. ఇనప స్టాండుకి బిగిస్తే కిరణాలు ఇనుముకి కొట్టుకుని చిమ్మి లెక్క చెడగొడుతున్నాయని రెండు వారాలు కొలిచి కొలిచి కనిపెట్టాడు. వాళ్లమ్మ పొందూరులో నూలు వడికే మనిషి. ఆవిడ పంపిన సన్ననూలు నాలుగు పేటలు పురిపెట్టి, ఛాంబరుని రేకుల షెడ్డు దూలానికి వేలాడదీశాడు. చుట్టూ ఏమీ తగలకుండా అది గాలిలో నిలబడేది. ఆ సంగతి ఎవరికి చెప్పినా అర్థం కాలేదు. "దేవుడి ఉయ్యాలా?" అని అడిగాడు అసిస్టెంటు ఇంజనీరు జగన్నాధం.

కుండ మూత తీసేది మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా. కూలీలందరూ తిండికి లేచిపోతారు కాబట్టి యార్డు ఖాళీ అవుతుంది. లేచి ఎక్కడికి పోతారంటే, గున్నమ్మ పొయ్యి దగ్గరికి. ఆ కొండ వాలు మీద చదునైన చోటు, నీళ్ల ఊట పక్కన, అదొక్కటే. కుండకీ తాడుకీ రెండువందల అడుగులు. కుండకీ గున్నమ్మ పొయ్యికీ రెండువందల అయిదు.

ఆ అయిదడుగుల భరోసా ఇచ్చినవాడు జ్ఞానానందమే. పద్నాలుగు నెలల కిందట రాళ్లు నెత్తిన పెట్టుకుని వచ్చి, "ఇక్కడ ఎట్టుకోవచ్చా బాబూ? నీ ఎర్రతాడు నన్నేటీ సెయ్యదు కదా?" అని గున్నమ్మ అడిగితే, మీటరు చూపించి మరీ చెప్పాడు. "తాడు బయట పర్లేదు అత్తా. నాదే పూచీ." అప్పటినుంచీ అతను అక్కడే తింటున్నాడు. ఆవిడ అతన్ని నందా అంటుంది, కోపం వస్తే ఒరే నందా అంటుంది.

డిసెంబరు నెల. పొగమంచు పదిగంటలకి గాని వదలని రోజులు. మధ్యాహ్నం కుండ తెరిచి, తాడు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, జ్ఞానానందం ఆకు ముందు కూచున్నాడు. ఎదురుగా నలుగురు వెల్డర్లు గున్నమ్మని ఏడిపిస్తున్నారు.

"ఒలే గున్నమ్మా, ఈ పప్పు నమలాలా, సుత్తెట్టి కొట్టాలా?"

"పళ్లు లేని ముసిలోడివి, పప్పుకి వంక పెడతావేటి?"

"నాకు పళ్లున్నాయే. నీ పప్పు తిన్నాక ఉంటాయో లేదో."

"నా సేతి తప్పేటి?" అంది గున్నమ్మ గరిటె తిప్పుతూ. "ఈ కొండ మీద నిప్పుకి సత్తువ నేదు. మా నాగావళి గట్టు మీద గంటకి ముద్దయిపోయే పప్పు, ఇక్కడ రెండు గంటలు మరిగినా గింజ గింజగానే ఉంటాది. కొండదేవత సారమంతా లాగేస్తన్నాది."

జ్ఞానానందానికి చిరాకేసింది. కొండదేవతలంటే అతనికి పడదు. పైగా ఉష్ణం గురించి ఎవరైనా తప్పు మాట్లాడితే సహించలేడు. తనకి మొదటినుంచి చివరిదాకా వచ్చిన అధ్యాయం అదొక్కటే.

"నిప్పుకి సత్తువేంటి అత్తా? నీళ్లు మరిగాయంటే మరిగినట్టే. మరిగే నీళ్ల వేడి ఎక్కడైనా ఒకటే. నూరు డిగ్రీలు."

"అయితే నువ్వొచ్చి వండు."

అందరూ నవ్వారు. ఆ నవ్వుకి అతనికి రోషం వచ్చింది. షెడ్డులో గాలి వేడి చూసే థర్మామీటరు ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. లేచి వెళ్లి, పక్క పొయ్యి మీద తెర్లుతున్న ఎసట్లో ముంచాడు. పాదరసం పైకి పాకి, పాకి, తొంభైఏడు దగ్గర ఆగిపోయింది. పుల్లలు ఎగదోశాడు. నీళ్లు కుతకుతలాడాయి. తొంభైఏడు.

"ఎంత సెప్తన్నాది నీ పుల్ల?" అంది గున్నమ్మ.

"తొంభైఏడు. ఇది పాడైపోయింది."

"నా మాటే నిజమని సెప్పిందని పాడైపోయిందా? బాగుందిరా నీ సదువు!"

సాయంత్రం స్టోరులోంచి సీలు తీయని థర్మామీటరు తెచ్చి మళ్లీ ముంచాడు. తొంభైఏడు. రెండూ ఒకేలా పాడవుతాయా? లేక పాడైంది తన బుర్రా?

ఆ వారం ఆక్సిజన్ సిలిండర్లు తేవడానికి సాలూరు వెళ్తున్న లారీ ఎక్కాడు. లారీ తోలే సోములు సాలూరు మనిషే. ఎవరినైనా బావా అంటాడు. సాలూరులో టీ కొట్టు ముందు ఆపితే, జ్ఞానానందం బెంచీ మీద కూచోకుండా కెటిలు మూత తీయించి థర్మామీటరు లోపల పెట్టాడు.

"ఏటి బావా, టీకి జొరమొచ్చిందా?" అన్నాడు సోములు.

తొంభైతొమ్మిదిన్నర. కొట్టువాడు తిట్టేదాకా అలా చూస్తూనే నిలబడ్డాడు.

తిరుగు ప్రయాణంలో లారీ ఘాటు ఎక్కుతోంది. ఒక్కొక్క మలుపుకీ చెవులు మూసుకుపోయి, గుటక వేస్తే తెరుచుకుంటున్నాయి. పద్నాలుగు నెలల్లో ముప్ఫైసార్లు ఈ దారిన ఎక్కాడు. ముప్ఫైసార్లూ చెవులు మూసుకున్నాయి. ఒక్కసారైనా ఎందుకని అడగలేదు. పైకి పోయే కొద్దీ గాలి పలచబడుతుందని అతను విననివాడు కాదు. కాని ఆ మాట హిమాలయాలకి చెందినదనుకున్నాడు. మంచుకొండలకీ, ఆక్సిజన్ సంచులు కట్టుకుని ఎక్కే దొరలకీ చెందినదనుకున్నాడు. జీలుగు కల్లు తాగి మనుషులు ఎక్కి దిగే ఈ కొండకి కూడా ఆ చట్టం వర్తిస్తుందని తోచలేదు.

గదికి రాగానే చెదలు తిన్న పుస్తకం తీశాడు. ఉష్ణం అధ్యాయం చివర ఆవిరి పట్టీ ఉంది. నీళ్లు ఏ వేడిలో మరిగితే గాలి ఎంత బరువుతో నొక్కుతున్నట్టో అందులో ఉంటుంది. తొంభైఏడుకి ఎదురుగా ఆరువందల ఎనభైరెండు. బురద వెంట పరిగెత్తి తెచ్చుకున్న కాయితం మీద ఏడువందల యాభై ఆరు. ఆ ఏడువందల యాభై ఆరు విశాఖపట్నం గాలిది, సముద్రం ఒడ్డు గాలిది. నిమ్మకాయంత బుర్రలో ఉన్నది ఈ కొండ గాలి.

లెక్క రెండు నిమిషాల్లో తేలిపోయింది. నూటికి పదకొండు. పద్నాలుగు నెలలుగా కిరణం బలాన్ని నూటికి పదకొండు తక్కువ కట్టాడు. చేతి మీటర్లన్నీ ఆ తక్కువకే తిప్పాడు. ముల్లు రెండు దగ్గర ఆగిన చోట నిజానికి రెండు కాదు, ఇంచుమించు రెండుంబావు. తాడు రెండువందల పదిన్నర అడుగుల దగ్గర ఉండాలి.

మర్నాడు టేపు పట్టుకుని మళ్లీ కొలిచాడు. గున్నమ్మ పొయ్యి రెండువందల అయిదు. అది తాడు లోపల ఉంది. తను పూచీ ఇచ్చిన రోజునుంచీ లోపలే ఉంది.

ఎవరికైనా చెప్పాలంటే ముందు భయపెట్టాలి, కాని ఈ అంకెలో భయపెట్టే సత్తా లేదు. రెండు అనే హద్దు దాటితే మనిషి పడిపోడు. ఆ హద్దుని చాలా కింద గీశారని అతనికి తెలుసు. గున్నమ్మకి రేపు ఏమీ కాదు, ఎల్లుండీ ఏమీ కాదు. నోరు మూసుకుంటే ఈ సంగతి తెలిసిన ప్రాణి ఇంకొకటి ఈ భూమ్మీద ఉండదు. చెబితే మొదట పోయేది తన పరువే. ఎవరికీ కోపం తెప్పించేంత పెద్ద తప్పు కాదు. కింద మళ్లీ సంతకం పెట్టేంత చిన్నదీ కాదు. నెలాఖరు వస్తోంది. నెలనెలా తను సంతకం పెట్టి ఇచ్చే మీటర్ల కాయితం మీద ఈసారి ఏ అంకె వెయ్యాలి?

అతను జగన్నాధం దగ్గరికి వెళ్లాడు.

జగన్నాధం విజయనగరం మనిషి. ఇంజనీరింగు చదివాడు, చొక్కా నలగనివ్వడు. సంక్రాంతి లోపల నలభై అతుకులు పాసవ్వాలని పైవాళ్లు అతని మెడ మీద కూచున్నారు. జ్ఞానానందం చెప్పిందంతా పెన్సిలుతో పళ్లు గోక్కుంటూ విన్నాడు.

"అయితే ఏమంటావ్? గున్నమ్మకి పప్పు ఉడకలేదు కాబట్టి నేను తాడు జరపాలంటావ్."

"పప్పు కాదు సార్. గాలి. మనం వేసే అంకె ఇక్కడిది కాదు."

"పద్నాలుగు నెలలు వేశావు కదయ్యా?"

"వేశాను. తప్పు నాదే."

"ఇవాళ తప్పంటున్నావు. రేపు ఇది కూడా తప్పంటే?"

దానికి జవాబు ఉంది. రెండు థర్మామీటర్లు, సాలూరు కెటిలు, ఆవిరి పట్టీ, అన్నీ కాయితం మీద రాసి తెచ్చాడు. జగన్నాధం కాయితం తిప్పి వెనకవైపు చూశాడు. అక్కడేమీ లేదని తేల్చుకుని బల్ల మీద పెట్టాడు.

"తాడుకీ పొయ్యికీ మధ్య ఇసక బస్తాలు పేర్పిస్తే చాలు సార్. మూడడుగుల మందం. వాగులో ఇసక ఉంది, ఖాళీ సిమెంటు గోతాలు ఉన్నాయి. నలుగురు మనుషులు, రెండు రోజుల పని."

"నలుగురు మనుషులు, రెండు రోజులు! సంక్రాంతి ముందు! నువ్వు ఏం చదివావోయ్?"

"ఎస్సెల్సీ సార్."

"ఊఁ." ఆ ఒక్క శబ్దంతో పనైపోయింది. తరవాత కాస్త దగ్గరికి వంగి, "ఈ మాటలు కూలీల్లో అనకు. అసలే ఏజెన్సీలో రోజులు బాగోలేవు. బొంబాయికి రాయాల్సి ఉంటే నేను రాస్తాను, త్రూ ప్రాపర్ ఛానెల్," అన్నాడు. కాయితం సొరుగులోకి వెళ్లింది. బ్యారోమీటరు ఇండెంటుకి తోడు దొరికింది.

పది రోజులు చూశాడు. పదకొండో రోజు మధ్యాహ్నం, కుండ తెరవకముందు, మేకులు పెరికి రెండువందల పదకొండు అడుగుల దగ్గర దిగ్గొట్టాడు. తాడు గున్నమ్మ పొయ్యికి అవతల పడింది.

"ఏట్రా ఇది?" గున్నమ్మ గరిటె పట్టుకుని లేచింది. "నా పొయ్యి దాటి తాడెయ్యడమేటి?"

"గంటన్నర బయట కూచో అత్తా. కుండ మూసేశాక రా."

"మద్దినం గంటన్నర కాకపోతే నా పొయ్యెందుకు? కూలోళ్లు తినేదే అప్పుడు. మిగిలిన ఏళ నాను కాకులకి వండాలా?"

"నేను ఇచ్చిన పూచీ తప్పు. లెక్క తప్పింది."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. "ఎప్పుడు తప్పింది?"

"మొదటినుంచీ."

అతను ఊహించిన తిట్టు రాలేదు. ఆవిడ పొయ్యివైపు చూసింది. తరవాత తన చేతులవైపు చూసుకుంది, అక్కడేదో కనపడుతుందన్నట్టు. "నాకేటైనా అవుతాదా?" అంది చిన్నగా.

"అవదు. అవదనే నా నమ్మకం. కాని హద్దంటూ ఒకటి ఉంది. దాని లోపల నిన్ను కూచోబెట్టి బయట ఉన్నావని చెప్పాను."

"నాకు ఏటీ కాదంటావు. మరి లెగమంటావు. నీకు మతి సెడింది నందా."

ఈలోగా కూలీలు వచ్చేశారు. ఎర్ర పేలికల అవతల ఉన్న అన్నం డేకిసాని చూసి గోల మొదలెట్టారు. వెల్డరు ఒకడు తాడెత్తి దూరబోతే జ్ఞానానందం రెక్క పట్టుకుని లాగాడు. "పప్పు ఉడకలేదని పొయ్యిని జైల్లో పెట్టాడ్రోయ్!" అని ఎవడో అరిచాడు. ఆ గోలకి జగన్నాధం వచ్చాడు. మేకులు పాత చోటికి మార్పించి, జ్ఞానానందాన్ని అందరి ముందూ పిలిచాడు.

"తాడు ఎక్కడుండాలో కాయితం మీద ఉంది. కింద సంతకం ఎవరిది?"

"నాదే."

"నీ సంతకాన్ని నువ్వే నమ్మకపోతే మేమెందుకు నమ్మాలి?"

కూలీలు నవ్వారు. ఆ మధ్యాహ్నం కుండ ఎప్పటిలాగే తెరుచుకుంది. జ్ఞానానందం తిండి తినలేదు. షెడ్డులో కూచుని, పొందూరు నూలుకి వేలాడుతున్న ఛాంబరుని చూశాడు. దాని తప్పు ఏమీ లేదు. ఉన్న గాలిని ఉన్నట్టే చెప్పింది. దానికి ఊరి పేరు తప్పు చెప్పింది తను.

ఆ రోజే బొంబాయి ఆఫీసుకి ఉత్తరం రాశాడు. ఇంగ్లీషులో, నాలుగు పేజీలు. తన తప్పు ఎలా జరిగిందో మొదటి పేజీలోనే పెట్టాడు. ప్రాపర్ ఛానెల్ కాదు గనక సోములు చేతికిచ్చి సాలూరులో రిజిస్టరు చేయించమన్నాడు.

సోములు కవరు తిరగేసి చూశాడు. "బొంబాయా! ఏటి బావా, పిల్లని సూసుకున్నావా?"

"నా మీద నేనే పితూరీ రాసుకుంటన్నాను."

"నీయబ్బ, సదువుకున్నోళ్ల సరదాలే వేరు," అన్నాడు సోములు. రసీదు మాత్రం జాగ్రత్తగా తెచ్చిచ్చాడు.

నెలాఖరు వచ్చింది. మీటర్ల కాయితం మీద కొండ గాలి అంకె వేసి సంతకం పెట్టాడు. జగన్నాధం దాన్ని పక్కన పెట్టి, పాత నెల కాయితమే మళ్లీ టైపు కొట్టించాడు. సంతకం చోటు ఖాళీగా వదిలేసి ఫైలు చేశాడు. నలభై అతుకులూ పాసయ్యాయి. గున్నమ్మ రోజూ రెండువందల అయిదు అడుగుల దగ్గరే వండింది. ఒకటి మాత్రం మారింది. కుండ తెరిచే వేళకి ఆవిడ పొయ్యికి ఆ పక్కకి వెళ్లి, యార్డుకి వీపు పెట్టి కూచునేది. దానివల్ల ఏమీ ఒరగదని జ్ఞానానందానికి తెలుసు.

జవాబు ఫిబ్రవరి మొదట్లో వచ్చింది. అతని పేరుకి కాదు, జగన్నాధం పేరుకి. జగన్నాధం పిలిచి చదవమన్నాడు. మంచి కాయితం, మంచి టైపు. ఛాంబరు లెక్కలో పనిచేసే చోటి గాలి బరువే వెయ్యాలి, సముద్రం ఒడ్డుది వెయ్యకూడదు. ఇదివరకటి అంకెలన్నీ నూటికి పదకొండు పెంచాలి. హద్దు ఆ ప్రకారం సవరించి పదిహేను రోజుల్లో తెలియపరచాలి. అక్కడిదాకా అతని లెక్కే, అతని దశాంశాలతో సహా. అతని ప్రస్తావన రెండో పేరాలో వచ్చింది. ఛాంబరుని వాడుతున్న వ్యక్తికి తగిన అర్హత లేనట్టు అతని ఉత్తరం వల్లనే తెలుస్తున్నది కనుక, అర్హుడైన ఉద్యోగి నియామకం అయ్యేవరకు ఛాంబరుని తిరుగు లారీలో వాపసు పంపవలెను.

రెండుసార్లు చదివాడు. కాదనడానికి ఒక్క మాట దొరకలేదు. అది న్యాయంగానే ఉంది.

"చూశావా," అన్నాడు జగన్నాధం. కోపంగా కూడా లేడు. "నువ్వు ఒప్పే. సంతోషమేనా? స్టోరులో మనిషి కావాలి, రేపట్నుంచి అక్కడికి వెళ్లు."

"ఇసక బస్తాలు సార్?"

"బస్తాలెందుకు? పొయ్యి ఎత్తేయిస్తే సరి. పొయ్యి మనది కాదు, చోటు మనది. తాడు నువ్వు చెప్పిన చోటే ఉంటుంది. ఇంకేం కావాలి?"

రెండు నెలలుగా జ్ఞానానందం అడిగిందే ఇది. ఏ కాయితంలోనూ పట్టుకోడానికి తప్పు లేకుండా జరిగిపోతోంది.

షెడ్డుకి వెళ్లి ఛాంబరు దించాడు. దాని కరెంటు కొలిచే మీటరు పెట్టెలో, ఛాంబరు దూదిలో పెట్టి, సోములు లారీలో డ్రైవరు పక్క సీటు మీద తాడేసి కట్టాడు. "పసిబిడ్డని పంపినట్టు పంపతన్నావేటి," అన్నాడు సోములు. లారీ స్టార్టు చేశాడు. షెడ్డుకి తిరిగొస్తే దూలానికి నాలుగు పేటల నూలు ఇంకా వేలాడుతూ ఉంది. తెంపుదామని చెయ్యెత్తి, ఊరుకున్నాడు.

బయటికి వచ్చేసరికి ఇద్దరు కూలీలు గున్నమ్మ పందిరి గుంజలు పెరుకుతున్నారు. ఆవిడ అడ్డుపడటం లేదు. డేకిసాలు ఒకదాన్లో ఒకటి పెట్టి చీరకొంగుతో మూట కడుతోంది. అతన్ని చూసి ఆపింది.

"వచ్చావా పూచీదారుడా? నాకు ఏటీ కాదన్నావు కదరా. అయ్యింది సూడు."

"బస్తాలు వెయ్యమన్నానత్తా. వాళ్లు..."

"నువ్వు ఏటన్నావో నాకెందుకు? నువ్వు లెక్కెయ్యకపోతే నా పొయ్యి ఇక్కడే ఉండేది. లెక్క తప్పినా ఉండేది. సరిగ్గా ఏశావు కాబట్టి లేసిపోయింది."

అతను పొయ్యి రాళ్లలో పెద్దవి రెండు ఎత్తుకున్నాడు. ఇంకా వేడిగా ఉన్నాయి, చేతులు కాలాయి. దింపలేదు. ఆవిడ మూట నెత్తిన పెట్టుకుని ముందు నడిచింది. కొండవాలుకి అడ్డంగా ఉన్న కాలిబాట మీద, ఊటకి దూరంగా, కూలీలు తిండికి దిగే దారికి ఇంకా దూరంగా. ఒక చోట కాస్త చదును కనపడితే ఆగింది.

"ఇక్కడెట్టనా?"

అతను వెనక్కి తిరిగి యార్డు వైపు చూశాడు. చేతిలో మీటరు లేదు. టేపు స్టోరులో పెట్టేశాడు. ఈ దూరం కావలసినదానికంటే చాలా ఎక్కువే అని అతనికి తెలుసు, కళ్లు మూసుకుని చెప్పగలడు. కాని పూచీ ఇచ్చిన రోజున కూడా అంతే నమ్మకంగా చెప్పాడు.

"ఇంకొంచెం పద అత్తా," అన్నాడు.

"ఇంకానా? ఇంత దూరం తిండికి ఎవుడొస్తాడు?"

"నేనొస్తాను."

"నువ్వొక్కడివి తింటే నాకు కూడొస్తాదా?" అంది గాని, నడిచింది. బాట దిగుడుగా ఉంది. నాలుగు బారలు దిగాక మళ్లీ ఆగి, అతని చేతుల్లోని రాళ్ల వైపు చూసింది. "కిందకి పోతన్నాం కదా. ఇక్కడైనా పప్పు ఉడుకుతాదా?"

అతను లెక్క కట్టాడు. ఎంత దిగినా ముప్ఫై అడుగులు. థర్మామీటరులో గీత కదలనంత.

"ఉడకదు," అన్నాడు.